మైలాపూరు గోడ మీద ఒక చెయ్యి

చెన్నై లాడ్జీల వాళ్ళకి దోమల కాయిల్ ఇవ్వడం తెలుసు గాని, దాన్ని గుచ్చుకునే రేకుముక్క ఇవ్వడం తెలియదు. కౌంటర్లో ఆయన్ని అడిగాను. నన్ను ఆపాదమస్తకం చూసి, "కాయిల్ ఇచ్చేశాం కదా సార్" అని తమిళంలో అన్నాడు. రేకుముక్క కూడా అడిగేవాడు రేపు అగ్గిపుల్ల అడుగుతాడు, ఎల్లుండి నిద్ర అడుగుతాడు అన్న చూపు అది. చివరికి కాయిల్‌ని నా దువ్వెన పళ్ళ మధ్య నిలబెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి దోమలు క్షేమంగా ఉన్నాయి. దువ్వెన లేదు. ఆ జుట్టుతోనే దేశంలోని పెద్ద పెద్ద డాక్టర్ల సభకి వెళ్ళాను. ఇద్దరు ముగ్గురు నన్ను శాస్త్రవేత్త అనుకుని నమస్కారం పెట్టారు.

నేను శాస్త్రవేత్తని కాను. విజయనగరంలో డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. వారానికోసారి ఒక పత్రికలో సైన్సు సంగతులు రాస్తాను. దాన్ని ఎడిటరుగారు చదువుతారని నమ్మకం.

ఆ నగరానికి పేరు మారిన మరుసటి ఏడాది సంగతి ఇది. బోర్డుల మీద చెన్నై వచ్చేసింది గాని, బస్సు కండక్టర్ల నోట్లో ఇంకా మద్రాసే ఉంది. అక్కడ కుష్ఠువ్యాధి మీద పనిచేసే డాక్టర్ వేదవల్లిగారు తన పరిశోధనని రెండుసార్లు చెప్పాలి: ఒకరోజు మైలాపూరులో డాక్టర్లకి, మర్నాడు తిరువొత్తియూరులో తెలుగువాళ్ళకి. రెండోదానికి మంచి తెలుగు మాట్లాడే మనిషి కావాలన్నారట. అక్కడి ల్యాబులో ఉన్న నా పాత క్లాస్‌మేటు నా పేరు చెప్పాడు. మంచి తెలుగు అంటే ఏమిటో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. టిక్కెట్టు మాత్రం వచ్చింది.

మైలాపూరు

ఆ సభ జరిగింది సంగీత కచేరీలు జరిగే హాల్లో. కాంటీనులో బోండాలు, డబరాలో కాఫీ. మా ఊళ్ళో కాఫీ గ్లాసులో ఇస్తే తాగి పెట్టేస్తాం. అక్కడ దాన్ని గ్లాసులోంచి డబరాలోకి, డబరాలోంచి గ్లాసులోకి మూరెడెత్తున పోసుకుంటూ, ఆ పోసుకునేటప్పుడే ముఖ్యమైన విషయాలు మాట్లాడుకుంటారు. నాలుగు రూపాయలు. పోసుకోవడం రాక నేను సగం చొక్కాకి తాగించాను.

లోపలికి వెళ్ళాక మాట పడిపోయింది. నిజంగానే. అంతమంది చదువుకున్నవాళ్ళు ఒక్కచోట నోరు మూసుకుని కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. మా వైపు సభ అంటే ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తారు, దండలు పడతాయి, తనకి మాట్లాడే సమయం లేదని ఆయన గంటసేపు మాట్లాడతారు. ఇక్కడ మాట్లాడేచోట మూడు దీపాలు పెట్టారు. పచ్చదీపం వెలిగితే మొదలెట్టాలి. పసుపు వెలిగితే ముగించుకోవాలి. ఎర్రది వెలిగితే మైకు ఆగిపోతుంది. ఎంతో పేరున్న ఒక పెద్దాయనకి వాక్యం మధ్యలో, క్రియ ఇంకా రాకముందే, ఎర్రదీపం వెలిగింది. ఆయన చిన్నబుచ్చుకోకుండా కాగితాలు సర్దుకుని దిగిపోయారు. ఆ మూడు బల్బులు ఇంటికి తీసుకుపోదామని గట్టిగా అనిపించింది.

ఇంకో వింత. ఆ హాల్లో అందరికంటే ఎక్కువ గౌరవం పొందిన మాట "బహుశా". ఏళ్ళ తరబడి పనిచేసి, వందల రక్తపరీక్షలు చేసి, చివరికి లేచి "బహుశా ఇలా ఉండవచ్చు" అంటారు. వింటున్నవాళ్ళు తలూపుతారు. ఎవరైనా "ఖచ్చితంగా" అన్నారో, నాలుగు చేతులు లేస్తాయి. మా కాలేజీలో "బహుశా" అనేవాడు ఫెయిలవుతాడు. ఇక్కడ అనలేనివాడు ఫెయిలవుతున్నాడు. ముప్పై ఏళ్ళుగా సైన్సు చెబుతున్న నాకు, సైన్సు ఇంట్లో ఉన్నప్పుడు ఎలా మాట్లాడుతుందో మొదటిసారి వినబడింది.

వేదవల్లిగారు నలభై దాటిన మనిషి. నేత చీర, మగవాళ్ళ చేతిగడియారం. మాట్లాడటం మొదలుపెట్టగానే హాలు చీకటైంది. ప్రొజెక్టరు టక్కుమంటే గోడ మీద బొమ్మ మారుతోంది. పట్టికలు, గీతలు, సూక్ష్మదర్శినిలో బాక్టీరియా. ఆ తరవాత ఒక స్లైడు వచ్చింది: ఒకే మనిషివి పక్కపక్కన రెండు ఫొటోలు. ఒక ఆడమనిషి చెయ్యెత్తి చూపిస్తోంది. కళ్ళ మీద నల్లపట్టీ. ఎడమవైపు ఫొటోలో చెంప మీద ఒకటి, మోచేతి కింద ఒకటి పాలిపోయిన మచ్చలు. కుడివైపు ఫొటోలో, మందుల కోర్సు అయ్యాక, మచ్చలు దాదాపు లేవు. వేళ్ళు నిండుగా, తిన్నగా ఉన్నాయి. మా వైపు ఈ జబ్బుని పేరు పెట్టి కూడా అనరు. "పెద్దరోగం" అని గొంతు తగ్గిస్తారు. చిన్నప్పుడు మా వీధి చివర ఒకాయన ఉండేవాడు. ఆయన నడిచిన దారిని మా బామ్మ నీళ్ళు పోసి కడిగించేది. మామూలు మాత్రలతో ఆ గొంతు తగ్గించడం అంతా అనవసరమైపోయిందని ఆ గోడ చెబుతోంది. రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇది అలంకారానికి రాయడం లేదు, చేతులు చూసుకున్నాను.

చేతులు చూసుకుని మళ్ళీ గోడ మీద చెయ్యి చూస్తే, మణికట్టుకి పైన ఆకుపచ్చగా పచ్చబొట్టు కనబడింది. తెలుగు అక్షరాలు. మనిషంత ఎత్తున, బస్సు బోర్డులా చదువుకోవచ్చు: రాహేలు. (పేరు మార్చాను. ఆమెకి చెప్పే మార్చాను, చెప్పే రాస్తున్నాను.)

అటూ ఇటూ చూశాను. ఎవరూ కదల్లేదు. కళ్ళకి పట్టీ కట్టి పేరు వదిలేశారంటే దానికేదో శాస్త్రీయ కారణం ఉంటుందనుకున్నాను. అందరితో పాటు చప్పట్లు కొట్టాను.

చూలై

మధ్యాహ్నం భోజనానికి వేదవల్లిగారు వాళ్ళింటికి తీసుకెళ్ళారు. కింద ఇనప సామాన్ల హోల్‌సేలు దుకాణం, పైన ఇల్లు. నాలుగు తరాలుగా అక్కడే. మెట్లెక్కుతుంటే మేకుల పెట్టెలు, గొళ్ళాలు, వాటి మధ్యలో కూచుని లెక్కలు రాసుకుంటున్న వాళ్ళన్నయ్య. డాక్టరుగారి అమ్మగారు అరిటాకు వేసి, "కూసోండి సార్, సిగ్గుపడొద్దండి, ఈడ అంతా మనోళ్ళే" అన్నారు. చింతకాయంత పులుపున్న ఎండు సుండకాయల (మా వైపు ఉస్తికాయలంటాం) పులుసు, బూడిద గుమ్మడికాయ మజ్జిగ పులుసు, అప్పళాలు. నాలుగు తరాల క్రితం నెల్లూరు వైపునుంచి వచ్చిన తెలుగుతోపాటు తమిళం పక్కపక్కనే కూర్చుని అన్నం తింటోంది ఆ ఇంట్లో. "పప్పు ఇంకొంచం పోసుకోండి, చుమ్మా తినండి" అంటారు. చుమ్మా అంటే ఊరికే, మొహమాటం లేకుండా అని. ఆవకాయ ఉందా అని అడిగితే నిమ్మకాయ ఊరగాయ వేశారు. విజయనగరం గురించి ఆ క్షణంలో కొంచెం బెంగగా అనిపించింది.

చెయ్యి కడుక్కున్నాక, మర్నాటికోసం నేను తయారుచేసుకొచ్చిన తెలుగు ప్రసంగం డాక్టరుగారి చేతిలో పెట్టాను. ఆవిడ తిరగేసి చూసి, మర్యాదగా మళ్ళీ నాకిచ్చేశారు.

"నాకు చదవను రాదు సార్."

"ఏది?"

"తెలుగు. ఇంట్లో మాట్లాడేదే. స్కూల్లో తమిళం, తరవాత ఇంగ్లీషు. మా అన్నకీ రాదు. మా చూలైలో మా వయసోళ్ళు ఎవురికీ రాదు."

ఇన్నాళ్ళూ ఆవిడ నా వ్యాసాలు చదివే నన్ను పిలిచారని ఒక చిన్న ఊహలో ఉన్నాను. దాన్ని చెయ్యి తుడుచుకున్న తువ్వాలుతో పాటు దండెం మీద వేసేశాను. వేశాక గాని నాకు రెండో సంగతి తట్టలేదు.

"అయితే డాక్టరుగారూ, ఆ చేతి మీద పేరు ఉందని మీకు తెలీదా?"

"ఏం పేరు?"

కిటికీ తలుపులు మూసి, ప్రొజెక్టరు పెట్టి, ఆ స్లైడు గోడ మీద వేశారు. క్యాలెండరు మేకు సరిగ్గా చెంప మీదికి వచ్చింది. అప్పుడే అమ్మగారు వక్కపొడి డబ్బాతో గుమ్మంలోకి వచ్చారు. ఆవిడ చిన్నప్పుడు చదువుకున్నది తెలుగు బడిలో.

"ఈ రోగాల బొమ్మలు ఇంట్లో వేయొద్దని ఎన్నిసార్లు చెప్పేది నీకు" అని, అటు చూసి, "రాహేలు. ఎవురే ఈ రాహేలు?" అన్నారు.

డాక్టరుగారు మంచమ్మీద కూలబడ్డారు. "ముగ్గేమో అనుకుంటిని" అన్నారు. "కోలం అంటారే, అట్ల. మచ్చ తప్ప నేనేమీ చూడలేదు సార్. ఎవురమూ చూడలేదు."

మైలాపూరు హాల్లోనే కాదు, ఆ స్లైడు ఇంకా చాలా ఊళ్ళు తిరిగి వచ్చిందట. అక్కడెవరికీ తెలుగు రాదు, వచ్చినవాళ్ళెవరైనా ఉంటే నాలాగే చప్పట్లు కొట్టి ఉంటారు. కానీ మర్నాటి సభ తిరువొత్తియూరులో తెలుగు చర్చి ఆవరణలో. అక్కడ ముసలీ ముతకా అందరూ బైబిలు వాక్యం చదువుకోవడానికి తెలుగు నేర్చుకుంటారు. అంటే మొత్తం చెన్నైలో తెలుగు చదవగలిగేవాళ్ళందరినీ ఏరి ఒకచోట కూర్చోబెట్టి, వాళ్ళ ముందు ఆ చెయ్యి వేయబోతున్నాం. ఆ రాహేలు ఉండేది చర్చి పక్క వీధి. బతికేది ఆప్పాలమ్ముకుని.

"తెలిసిందంటే ఆమె దగ్గిర ఎవురూ తినరు" అన్నారు డాక్టరుగారు.

"నేనైతే కొనను" అన్నారు అమ్మగారు.

"ఆమెకి నయమై చానా ఏండ్లయింది అమ్మా. మందు మొదలుపెడితేనే అంటుకునేది ఆగిపోతాది. నీకు వెయ్యిసార్లు చెప్పినా."

"చెప్పినావు, నమ్మినా. అయినా కొనను" అన్నారు ఆవిడ, వక్కపొడి నా చేతిలో వేస్తూ.

పరిశోధనకీ జనానికీ మధ్య దూరం ఎంత అని ఎవరైనా అడిగితే, నేనిప్పుడు ఆ గుమ్మం నుంచి మంచం దాకా అని చెబుతాను.

ఆ స్లైడు తీసేయడం తేలికే. కాని డాక్టరుగారి దగ్గర జనానికి అర్థమయ్యే ఋజువు అదొక్కటే. పట్టికలు చూపిస్తే ఎవరు నమ్ముతారు? అదే చెయ్యి, అదే మనిషి, ముందూ తరవాతా. "తెల్లారి పోయి ఆమెనే అడుగుదాము" అన్నారు.

తిరువొత్తియూరు

లోకల్ రైలు దిగగానే గాలి రెండుగా ఉంటుంది. ఒక పక్క ఫ్యాక్టరీ వాసన, ఒక పక్క ఎండుచేపల వాసన. సముద్రం ఆ రెండింటినీ సమానంగా పంచుతూ ఉంటుంది. రాహేలమ్మ అంగడి అంటే గోడకి ఆనించిన ఒక తాటాకు పందిరి, రెండు పొయ్యిలు, ఒక బల్ల.

ఆప్పం నేనెప్పుడూ చూడలేదు. మా వైపు అట్టు ఉంది, దానికింత నాజూకు లేదు. చిన్న గుంట బాణలిలో పిండి పోసి, రెండు చెవులూ పట్టుకుని ఒక్కసారి గుండ్రంగా తిప్పుతుంది. పిండి అంచుల్లో దోమతెర గుడ్డలా పల్చగా అతుక్కుంటుంది, మధ్యలో దూదిలా పొంగుతుంది. మూత పెట్టి తీసేస్తుంది. పైన కొబ్బరిపాలు. రూపాయిన్నర. మొదటిది ఆశ్చర్యంతో తిన్నాను, తరవాతవి ఆశతో.

"ఏ ఊరు సారూ?" అంది.

"విజయనగరం."

"ఆడ గూడా తెలుగే మాట్లాడతారా?"

"ప్రయత్నిస్తాం" అన్నాను.

పక్కన తింటున్న హార్బరు పనివాళ్ళు నవ్వారు. ఆమెకి యాభై ఉంటాయి. జాకెట్టు చేతులు మోచేతుల కింది దాకా ఉన్నాయి. పొయ్యి వేడికి మాటిమాటికీ పైకి లాక్కుంటోంది, లాక్కున్నప్పుడల్లా ఆకుపచ్చ అక్షరాలు బయటికొస్తున్నాయి. పక్కన కూచున్నవాళ్ళు వాటిని రోజూ చూస్తున్నవాళ్ళే. డాక్టరుగారు ఎవరో తెలియనట్టు, బేరానికొచ్చిన మనిషిలా ఒక ఆప్పం తిని, చిల్లర ఇచ్చి, జనం పలచబడేదాకా బల్ల చివర కూచున్నారు. ఆమె కూడా పరిచయం ఉన్నట్టు కనబడలేదు. ఇద్దరికీ అది అలవాటేనని అర్థమైంది.

అందరూ వెళ్ళాక డాక్టరుగారు చేతిసంచిలోంచి ఆ స్లైడు తీశారు. అగ్గిపెట్టె కంటే చిన్న అట్టచట్రం. "అక్కా, దీన్ని ఎండకి పెట్టి చూడు."

రాహేలమ్మ చేతులు చీరకి తుడుచుకుని, దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని సూర్యుడికెదురుగా ఎత్తింది. ఒక కన్ను మూసింది. చాలాసేపు చూసింది.

"నేనే" అంది. "కండ్లకి గంతలు గట్టినారే."

"ఎవురూ గుర్తుపట్టకుండా" అన్నారు డాక్టరుగారు. పేరు సంగతి ఒక్క ముక్క దాచకుండా చెప్పారు. తనకి చదవడం రాదని కూడా చెప్పారు.

"మా అమ్మ పొడిపించింది" అంది రాహేలమ్మ. "నాయుడుపేట పక్క తిరునాళ్ళలో. మా పిన్నమ్మ కూతురు తప్పిపోయి మూడోనాడు దొరికింది. అప్పుడు నాకు పొడిపించేసింది, తప్పిపోతే ఎవురైనా చదివి ఇంటికి తెచ్చి ఇడుస్తారని." స్లైడుని మళ్ళీ ఎండకెత్తింది. "ఇది గోడమింద ఎంతవుతాది?"

డాక్టరుగారు లేచి నిలబడి రెండు చేతులూ చాపి చూపించారు. "ఇంకా పెద్దగా."

"ఏ ఊర్లో చూపించినావు?"

డాక్టరుగారు చెప్పారు. మైలాపూరు, ఢిల్లీ, ఇంకా కొన్ని. రాహేలమ్మ ఒక్కో పేరుకీ తలూపింది.

"పేరుమింద నల్లకాగితం అంటిస్తా. ఈ పొద్దు చూపించేదా అక్కా? నీ ఇష్టం."

"ఆప్పం తిప్పే చెయ్యి ఇది. దినామూ చూస్తారు. పేరు మూసేస్తే చెయ్యి మారిపోతాదా?" స్లైడుని డాక్టరుగారి చేతిలో పెట్టేసింది. "వద్దు."

డాక్టరుగారు దాన్ని చేతిసంచిలో వేసేశారు. రైలుకట్ట దాటేటప్పుడు మాత్రం, "ఈ సాయంత్రం నా దగ్గిర ఏమీ లేదు సార్" అన్నారు, కాళ్ళకేసి చూసుకుంటూ.

చర్చి ఆవరణ

పొద్దు వాలేసరికి చాపలు పరిచారు. ఆడవాళ్ళొక పక్క, మగవాళ్ళొక పక్క. రాహేలమ్మ మూడో వరసలో, పొరుగింటి బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూచుంది. పాస్టరుగారు నన్ను "ఆంధ్రానుంచి వచ్చిన మేధావి" అని పరిచయం చేశారు. జుట్టు ఇంకా దువ్వుకోలేదు కాబట్టి అనుమానించినవారు లేరు.

నా మంచి తెలుగు నాలుగు నిమిషాలు నడిచింది. స్పర్శజ్ఞానం లోపించిన పాలిపోయిన మచ్చల గురించి చెప్పాను. జనం ఎంతో గౌరవంగా ఏమీ అర్థం చేసుకోకుండా విన్నారు. మైలాపూరు ప్రభావంలో ఉన్నాను కదా, "తొలి దశలోనే మందులు వాడితే బహుశా అంగవైకల్యం రాదు" అన్నాను.

వెనక నుంచి తువ్వాలు భుజాన వేసుకున్నాయన లేచాడు. పొద్దున నా పక్కన ఆప్పాలు తిన్న హార్బరు మనిషే. "బహుశా అంటే ఏంది సారూ? తగ్గుతాదా, తగ్గదా? ఒకటి చెప్పు."

మైలాపూరులో నిన్న కిరీటం పెట్టుకున్న మాట ఇక్కడ చాప మీద దిక్కులేకుండా పడింది. వేదవల్లిగారు మైకు తీసుకున్నారు.

"తగ్గుతాది" అన్నారు. "మాత్రలు ముగిసేదాకా మింగితే తగ్గుతాది. మధ్యలో నిలిపేస్తే నా పూచీ లేదు."

తరవాత నాకు తెలిసిన ఏ పాఠమూ జరగలేదు. దూది తెప్పించి, కొసని పురిపెట్టి, పక్కవాళ్ళని కళ్ళు మూసుకోమని ఒంటి మీద ఎక్కడైనా తాకించమన్నారు. తగిలినచోట వేలు పెట్టి చూపించాలి. క్షణంలో ఆవరణంతా కళ్ళు మూసుకున్న మనుషులు. భార్య భర్త మెడ మీద, మనవడు తాత చేతి మీద దూది ఆడిస్తున్నారు. "ఏయ్, ముక్కులో పెట్టబాక" అని ఎవరో, "నీకు ముందే చర్మం మందం" అని ఎవరో. మచ్చ ఉన్నచోట దూది తెలియకపోతే రండి, అంతే, అన్నారు ఆవిడ. నిన్న పట్టికల్లో, గీతల్లో చూసిందంతా ఒక చిటికెడు దూదిలోకి దిగివచ్చింది. నేను నోరు తెరుచుకుని చూస్తూంటే ఒక ముసలావిడ నా చెవి వెనక దూది పెట్టి, "తెలస్తా ఉండాదా నాయనా?" అంది.

అప్పుడు తువ్వాలాయన మళ్ళీ లేచాడు. "అంతా బాగానే చెప్తా ఉండావు డాక్టరమ్మా. నయమైనోళ్ళు ఉండారంటివే, ఒకర్ని చూపించు. ఒక్కర్ని."

దూదులు ఆగాయి. మూడో వరసలో బిడ్డ నిద్రపోతోంది. రాహేలమ్మ దాని జుట్టు సవరిస్తోంది. డాక్టరుగారు ఆ వైపు చూస్తారేమోనని నాకు భయం. ఆవిడ నెత్తిమీద ట్యూబులైటు కేసి చూశారు, పురుగులు ముసురుతున్న ఆ లైటు కంటే ముఖ్యమైంది లోకంలో లేనట్టు.

"చూపించను" అన్నారు.

ఆయన నవ్వాడు. "అంటే లేరు."

"ఉండారు. చూపించను. రేపు నువ్వొచ్చినా అంతే. నిన్ను కూడా ఎవురికీ చూపించను."

తువ్వాలాయన నిలబడే ఉన్నాడు కాసేపు, తరవాత కూచున్నాడు. మైలాపూరులో చప్పట్లు విన్నాను. ఈ నిశ్శబ్దం దానికంటే పెద్దది. సభ అయ్యాక పాస్టరుగారి గది వెనక గుమ్మం దగ్గర, ఒకరినొకరు చూసుకోకుండా, ఏదో పని మీద అటు వచ్చినట్టు కొందరు నిలబడి ఉన్నారు. అందులో తువ్వాలాయన కూడా ఉన్నాడు, ఎడమ మోచెయ్యి కుడి అరచేత్తో మూసుకుని. ఋజువు చూపించకపోవడమే ఋజువైన సంగతి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అందరూ వెళ్ళిపోయాక మేము ప్రొజెక్టరు సర్దుకుంటున్నాం. దాన్ని ఆ సాయంత్రం పెట్టెలోంచి తియ్యనే లేదు, అయినా సర్దుతున్నాం. డాక్టరుగారి ముఖం వెలిగిపోతోంది. రాహేలమ్మ అరిటాకులో కట్టిన ఆప్పాలు తెచ్చి పెట్టె మీద పెట్టింది.

"నిన్ను గూడా చూపించను అంటివే, ఆ మాటకి అందురూ నమ్మేసినారు డాక్టరమ్మా" అంది. "నా చెయ్యి నన్నడక్కుండా ఊరూరా చూపించినావని వాళ్ళకి తెలీదు గదా."